జాబ్ పోర్టల్ కట్టడం తేలికే, నడపడమే అసలు ప్రాజెక్టు

ఫైనలియర్ ప్రాజెక్టు టైటిల్స్ ఇచ్చే సీజన్ వచ్చిందంటే ప్రతి ఇంజినీరింగ్ కాలేజీలో కొన్ని పేర్లు తప్పకుండా వినిపిస్తాయి. ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్, లైబ్రరీ మేనేజ్‌మెంట్, హాస్పిటల్ మేనేజ్‌మెంట్... వాటి పక్కనే 'ఆన్‌లైన్ జాబ్ పోర్టల్'. అమీర్‌పేటలో అడిగితే రెడీమేడ్‌గా దొరికేస్తుంది. పెన్‌డ్రైవ్‌లో కోడు, స్పైరల్ బైండింగ్‌లో డాక్యుమెంటేషన్, వైవాలో అడిగే పది ప్రశ్నలకు జవాబులు, అన్నీ ఒకే ప్యాకేజీ. వైవా అయిపోగానే ఆ పోర్టల్ పని కూడా అయిపోతుంది. దానివల్ల ఒక్కరికి కూడా ఉద్యోగం రాదు. వచ్చే అవకాశమే లేదు. అందులో ఉన్న కంపెనీల పేర్లు 'ఏబీసీ టెక్నాలజీస్', 'ఎక్స్‌వైజెడ్ సొల్యూషన్స్' కదా!

కిందటేడాది నేను చదివిన కాలేజీ నుంచి నలుగురు జూనియర్లు ఫోన్ చేశారు. ఇద్దరు సీఎస్ఈ, ఒకమ్మాయి ఈసీఈ, ఒకబ్బాయి మెకానికల్. "అన్నా, మేమూ జాబ్ పోర్టలే చేద్దామనుకుంటున్నాం. కానీ డెమో కోసం కాదు. నిజంగా మన కాలేజీవాళ్లు రోజూ వాడేలా. వారానికోసారి చూసి చెప్తావా?" అన్నారు. టైటిల్ పాతదే అయినా ఆ 'నిజంగా' అన్న మాట నాకు నచ్చింది. అలా దాదాపు ఆర్నెల్లపాటు ఆదివారం సాయంత్రాలు వాళ్లతో కాల్‌లో గడిచాయి. ఆ ఆర్నెల్లలో వాళ్లు ఏం కట్టారో, ఏం వదిలేశారో, ఎక్కడ దెబ్బ తిన్నారో ఈ వారం చెప్తాను. మీ కాలేజీలో ఇలాంటిది లేకపోతే మీకు పనికొస్తుంది.

నోటీసు ఎక్కడ ఆగిపోతోంది?

మొదటి కాల్‌కే వాళ్లు లాగిన్ పేజీ డిజైన్ చేసి చూపించారు. బాగుంది. "లాప్‌టాప్ మూసేయండి. ఈ వారమంతా ఒకే ఒక్క ఉద్యోగ నోటీసు వెనకాల తిరగండి. అది ఎక్కడ పుట్టింది, ఎవరి చేతులు మారింది, చివరికి ఎవరికి ఏ రోజు అందింది, రాసుకుని రండి" అన్నాను. మొహాలు చిన్నబుచ్చుకున్నారు కానీ చేశారు.

వాళ్లు రాసుకొచ్చిన కథ ఇది. సోమవారం పొద్దున ఒక కంపెనీ నుంచి ప్లేస్‌మెంట్ ఆఫీసుకి మెయిల్ వచ్చింది. సార్ మధ్యాహ్నం దాన్ని ప్రింట్ తీసి బోర్డుకి అంటించారు. సాయంత్రం ఫొటో తీసి సీఆర్‌ల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అక్కణ్నుంచి ఒక్కో సీఆర్ తన క్లాసు గ్రూపులో పెట్టాలి. సీఎస్ఈ వాళ్లకి ఆ రాత్రే అందింది. ఈసీఈ సీఆర్ ఊరెళ్లాడు కాబట్టి వాళ్లకి బుధవారం అందింది. అమ్మాయిల హాస్టల్లో రాత్రి తొమ్మిదికల్లా ఫోన్లు తీసేసుకుంటారు, కాబట్టి అక్కడున్న వాళ్లకి గురువారం పొద్దున. మెకానికల్ గ్రూపుకి ఎవరో స్క్రీన్‌షాట్ తీసి, దాన్ని ఇంకొకరు కత్తిరించి పంపారు. పైన కంపెనీ పేరు ఉంది, కింద లాస్ట్ డేట్ తెగిపోయింది. లాస్ట్ డేట్ ఎప్పుడో తెలుసా? ఆ గురువారమే.

ఇందులో ఎవరి తప్పూ లేదు. సార్ పని సార్ చేశారు, సీఆర్‌లు వాళ్లకి కుదిరినప్పుడు చేశారు. కానీ ఒకే కాలేజీలో చదివే ఇద్దరికి ఒకే ఉద్యోగం సంగతి తెలియడానికి మూడు రోజుల తేడా వచ్చింది. పెద్ద కంపెనీలు వరసకట్టి వచ్చే కాలేజీలో ఇది పెద్ద విషయం కాదు, ఇది పోతే ఇంకోటి. జిల్లా టౌన్లో ఉన్న కాలేజీకి ఏడాదిలో వచ్చేవే కొన్ని. మిగతావన్నీ ఆఫ్ క్యాంపస్. అక్కడ ఒక నోటీసు తప్పిపోతే కొందరికి ఆ ఏడాది తప్పిపోయినట్టే. ఇంట్లో అప్పు చేసి చదివించినవాళ్లకి ఆ ఏడాది ఖరీదెంతో మళ్లీ చెప్పక్కర్లేదు.

ఇలాంటి దూరం మనకొక్కళ్లకే ఉన్న సమస్య కూడా కాదు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రానికి ఉత్తరం చివర, హోటన్ అనే చిన్న ఊళ్లో మిషిగన్ టెక్ అనే యూనివర్సిటీ ఉంది. పెద్ద నగరాలకి దూరం, చలికాలమంతా మంచు. పెద్ద కంపెనీలు అంత దూరం రావడం తక్కువ. అక్కడ చదివిన ముగ్గురు విద్యార్థులు ఈ ఇబ్బంది చూసే, కాలేజీ విద్యార్థుల కోసం 'హ్యాండ్‌షేక్' అనే ఉద్యోగాల వేదిక మొదలుపెట్టారు. 2014లో మొదలైన ఆ వేదికని ఇప్పుడు వెయ్యికి పైగా కాలేజీలు వాడుతున్నాయి. మొదట్లో వాళ్లు కోడ్ రాయడంతో సరిపెట్టుకోలేదు. కారేసుకుని కాలేజీ తర్వాత కాలేజీకి తిరిగి, అక్కడి ప్లేస్‌మెంట్ ఆఫీసుల వాళ్లతో కూర్చుని మాట్లాడారు. మా వాళ్లకి నేను చెప్పింది కూడా అదే. మీ మొదటి యూజర్ విద్యార్థి కాదు, ప్లేస్‌మెంట్ సార్. ఆయన వాడకపోతే ఇంకెవరూ వాడరు.

ఏం కట్టకూడదు?

రెండో వారం ఫీచర్ల జాబితా వచ్చింది. రెజ్యూమె అప్‌లోడ్, కంపెనీలకి వేరే లాగిన్, చాట్, ఏఐతో మ్యాచింగ్, మాక్ టెస్టులు, డార్క్ మోడ్... మొత్తం పాతిక దాకా ఉన్నాయి. ఒక్కోదానికి ఒకటే ప్రశ్న వేసుకోమన్నాను: "ఇది లేకపోతే మెకానికల్ వాళ్లకి నోటీసు లేటుగా అందుతుందా?" లేటవ్వదు అంటే కొట్టెయ్యండి. సాయంత్రానికి నాలుగు మిగిలాయి. ఉద్యోగాల లిస్టు, బ్రాంచి - పాసయ్యే ఏడాది ప్రకారం ఫిల్టర్, ఒక్కో ఉద్యోగానికి ఒక పేజీ, సార్ వివరాలు ఎక్కించడానికి ఒక ఫారం. అంతే.

రెజ్యూమె అప్‌లోడ్ తీసేయడం ఒక్కటే వాళ్లకి మనసొప్పలేదు. "అది లేకపోతే పోర్టల్ ఏంటన్నా?" అన్నారు. దానికి నా జవాబు కొంచెం పొడుగ్గా ఉంటుంది.

ఒక రెజ్యూమెలో ఏముంటుంది? పేరు, ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, మనవాళ్లయితే ఫొటో కూడా. మన కుర్రాళ్లు కట్టే పోర్టల్స్‌లో ఆ ఫైల్ లింకు చివర 101 అని ఉంటుంది. ఎవరైనా అడ్రస్ బార్‌లో 101 తీసేసి 102 కొడితే పక్కవాళ్ల రెజ్యూమె వచ్చేస్తుంది. హ్యాకింగ్ అక్కర్లేదు, లెక్కపెట్టడం వస్తే చాలు. లాగిన్ అయ్యాడా అని మాత్రమే చూసి, ఈ ఫైల్ ఇతనిదేనా అని చూడకపోవడం వల్ల జరిగేది ఇదే. వెబ్ సెక్యూరిటీలో పేరున్న ఓవాస్ప్ సంస్థ 2021లో ఇచ్చిన టాప్ 10 ప్రమాదాల జాబితాలో ఈ రకం లోపాలదే మొదటి స్థానం. పైగా 2023లో మన దేశంలో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది. ఎవరి వివరాలు తీసుకున్నా ఎందుకు తీసుకుంటున్నామో చెప్పాలి, ఒప్పుకోలు తీసుకోవాలి, జాగ్రత్తగా కాపాడాలి. మూడొందల మంది అమ్మాయిల ఫోన్ నంబర్లు కాపాడే బాధ్యత, సెమిస్టర్ పరీక్షలు రాసుకుంటున్న నలుగురు పిల్లల మీద పెట్టడం న్యాయమేనా?

అందుకే వివరాలేవీ తీసుకోవద్దని తేల్చుకున్నారు. అప్లై చేయాలంటే నేరుగా కంపెనీ వాళ్ల పేజీకే లింకు. లిస్టు చూడటానికి లాగిన్ కూడా అక్కర్లేదు. మన దగ్గర లేని డేటాని ఎవరూ దొంగిలించలేరు. ఆ ఒక్క నిర్ణయంతో రెండు నెలల పని మిగిలింది.

మొదటి యాభై చేత్తోనే

సైటు సిద్ధమైంది. తెరిస్తే ఖాళీ. ఉద్యోగాల్లేవు కాబట్టి విద్యార్థులు రారు, విద్యార్థులు రారు కాబట్టి ఎవరూ ఉద్యోగాలు పెట్టరు. గుడ్డు ముందా, కోడి ముందా!

ఈ చిక్కు అందరికీ వచ్చిందే. 1997లో సంజీవ్ బిఖ్‌చందానీ నౌకరీ సైటు మొదలుపెట్టినప్పుడు మన దేశంలో ఇంటర్నెట్ ఉన్న ఇళ్లే తక్కువ. అప్పుడు వాళ్లు కంపెనీలు వచ్చి ప్రకటనలు ఇస్తాయని ఎదురుచూడలేదు. పేపర్లలో వచ్చిన ఉద్యోగ ప్రకటనలు ముందేసుకుని, ఒక్కొక్కటీ టైప్ చేసి సైట్లో పెట్టారు.

మా వాళ్లు కూడా అదే పట్టారు. నలుగురూ రోజుకి అరగంట చొప్పున పంచుకున్నారు. ప్లేస్‌మెంట్ సార్ మెయిళ్లు ఒకరు, కంపెనీల సొంత కెరీర్ పేజీలు ఒకరు. కేంద్ర ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్, ఇంజినీరింగ్ - డిప్లొమా వాళ్లకి అప్రెంటిస్‌షిప్‌లు చూపించే నాట్స్ పోర్టల్ ఒకరు, ప్రభుత్వ రంగ సంస్థల నోటిఫికేషన్లు ఒకరు. వేరే జాబ్ సైట్ల నుంచి ప్రోగ్రాం రాసి మొత్తం లాగేద్దామని ఒకడు ఉత్సాహపడ్డాడు. వద్దన్నాను. చాలా సైట్ల నిబంధనలు దానికి ఒప్పుకోవు. అదీగాక అలా వచ్చిన చెత్తని ఏరడానికి చేత్తో ఎక్కించడం కంటే ఎక్కువ టైం పడుతుంది.

పోస్టర్ ఫొటో పెట్టి వదిలేయకూడదని కూడా ఒక రూలు పెట్టుకున్నారు. ఫొటోలో ఉన్న అక్షరాలు సెర్చ్‌లో దొరకవు, సరిగా సిగ్నల్ లేని బస్సులో లోడ్ అవ్వవు. ఉద్యోగం పేరు, కంపెనీ, ఊరు, జీతం, ఏ బ్రాంచిలు, బ్యాక్‌లాగ్స్ ఉన్నా పర్లేదా, బాండ్ ఉందా, చివరి తేదీ, అసలు ప్రకటన లింకు. ఇవన్నీ అక్షరాల్లోనే. 'బాండ్ ఉందా' అనే గడి ఈసీఈ అమ్మాయి పట్టుబట్టి పెట్టించింది. జాయిన్ అయ్యాక తెలిసే విషయాల్లో ఎక్కువ ఏడిపించేది అదే మరి.

తెల్లవారుజామున మాయమైన ఉద్యోగం

ఒకరోజు సైటుకి మొదటి ఫిర్యాదు వచ్చింది. "లాస్ట్ డేట్ ఈరోజే అని నిన్న రాత్రి చూశాను. పొద్దున ఏడింటికి లేచి చూస్తే ఉద్యోగమే లేదు" అని ఒక అమ్మాయి రాసింది. చివరి తేదీ దాటిన ఉద్యోగాలు వాటంతటవే లిస్టులోంచి పోవాలని వీళ్లే కోడ్ రాశారు. మంచి పనే. కానీ ఆ రోజు ఇంకా గడవకుండానే పోయింది.

రెండు రోజులు తల బాదుకున్నారు. సంగతేంటంటే, వాళ్ల సర్వర్ గడియారం యూటీసీ టైంలో నడుస్తోంది. ఫారంలో 15వ తేదీ అని కొడితే అది 15వ తేదీ యూటీసీ అర్ధరాత్రి 12 గంటలుగా సేవ్ అవుతోంది. మన టైం దానికంటే అయిదున్నర గంటలు ముందు. అంటే మన లెక్కలో 15వ తేదీ పొద్దున 5:30కే ఉద్యోగం గడువు తీరిపోయినట్టు. చివరి రోజున తీరిగ్గా అప్లై చేద్దామనుకున్న వాళ్లందరికీ తలుపు మూసుకుపోయింది. మన అలవాటు తెలుసు కదా, సగం మంది చివరి రోజునే అప్లై చేస్తాం!

సరిచేయడం పెద్ద పని కాదు. కంపెనీ టైం ఇవ్వకుండా తేదీ మాత్రమే ఇస్తే, మన టైం ప్రకారం ఆ రోజు రాత్రి 11:59 వరకు అని సేవ్ చేయాలి. యూటీసీలో అది సాయంత్రం 6:29. పేజీలో కూడా 'చివరి తేదీ: 15, రాత్రి 11:59 వరకు' అని కనిపించేలా మార్చారు. కంపెనీ వాళ్లు సాయంత్రం అయిదు వరకే అంటే ఆ టైమే పెట్టేలా ఇంకో గడి చేర్చారు. ఈ ఒక్క బగ్ గురించి మా టీమ్‌లో ఒకబ్బాయి తర్వాత ఇంటర్వ్యూలో పావుగంట మాట్లాడాడు. రెడీమేడ్ ప్రాజెక్టులో ఇది దొరకదు. నిజమైన మనిషి వాడితేనే ఇలాంటి బగ్ బయటపడుతుంది.

డబ్బులడిగే ఉద్యోగం

అన్నిటికంటే నాకు గుర్తుండిపోయిన గొడవ ఇంకోటుంది. సైటు కాస్త పేరు తెచ్చుకున్నాక సీనియర్లు, బయటివాళ్లు కూడా ఉద్యోగాలు పంపడం మొదలుపెట్టారు. పంపిన వెంటనే పబ్లిష్ అయ్యేలా చేద్దామని సీఎస్ఈ కుర్రాళ్లిద్దరూ అన్నారు. "లిస్టు పెరుగుతుంది, మనకి పని తగ్గుతుంది" అని వాళ్ల వాదన. ఈసీఈ అమ్మాయి ససేమిరా అంది.

కారణం అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. వాళ్లన్నయ్య డిగ్రీ అయ్యాక పేరున్న కంపెనీ పేరుతో ఆఫర్ లెటర్ వచ్చింది. లోగో ఉంది, సంతకం ఉంది, జీతం అంకె ఉంది. లాప్‌టాప్ డిపాజిట్ కింద 18 వేలు కట్టమన్నారు, జాయిన్ అయ్యాక తిరిగి ఇచ్చేస్తామన్నారు. వాళ్ల నాన్న చిట్టీ పాడి కట్టారు. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. "ఆ లింకు మా అన్నయ్యకి పంపింది వాళ్ల కాలేజీ గ్రూపే అన్నా. కాలేజీ గ్రూపులో వచ్చింది కాబట్టే నాన్న నమ్మారు" అంది. ఆ తర్వాత ఆ కాల్‌లో ఇంకెవరూ వాదించలేదు.

కాలేజీ పేరు మీద ఒక సైటు ఉందంటే దానికి ఆ నమ్మకం ఊరికే వచ్చేస్తుంది. దాన్ని కాపాడటానికి వాళ్లు పెట్టుకున్న పద్ధతి చూడండి. ఎవరు పంపినా ముందు 'చూడాల్సినవి' అనే వరసలోకి వెళ్తుంది. టీమ్‌లో ఒకరు సరిచూసి, ఇంకొకరు ఒప్పుకుంటేనే బయటికి వస్తుంది. సరిచూడటం అంటే కంపెనీ సొంత వెబ్‌సైట్లో ఆ ఉద్యోగం ఉందా లేదా అన్నది మొదట చూస్తారు. మెయిల్ కంపెనీ డొమైన్ నుంచి వచ్చిందా, జీమెయిల్ నుంచా? డొమైన్ పేరులో ఒక్క అక్షరం అటూ ఇటూ ఉందా? ఇంటర్వ్యూ మొత్తం చాట్‌లోనే అంటున్నారా? రిజిస్ట్రేషన్, ట్రైనింగ్, డిపాజిట్, యూనిఫాం... ఏ పేరుతోనైనా డబ్బులడిగితే ఇంకేం చూడక్కర్లేదు, తీసి పక్కన పడేయడమే. ప్రతి ఉద్యోగం పేజీలో 'ఈ ప్రకటన తేడాగా ఉంది' అని ఒక బటన్ కూడా పెట్టారు. ఇద్దరు నొక్కితే అది లిస్టులోంచి ఆగిపోతుంది, చూశాకే మళ్లీ వస్తుంది.

అన్ని పేజీల కింద ఒక లైను ఉంటుంది. డబ్బు పోగొట్టుకుంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి, నేషనల్ సైబర్ క్రైమ్ రిపోర్టింగ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి అని. ఎంత త్వరగా చెప్తే డబ్బు అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి రెండు రోజులు దాచుకుంటే ఆ డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది. ఇది చదువుతున్న మీరు కూడా ఆ నంబరు ఫోన్లో సేవ్ చేసుకోండి.

ఈ పద్ధతి వల్ల లిస్టు చిన్నదైంది. రోజుకి పాతిక వచ్చే చోట అయిదో ఆరో మిగిలేవి. అయినా జనం తగ్గలేదు. అయిదు ఉన్నా అయిదూ నిజమేనని తెలిస్తే మనిషి మళ్లీ వస్తాడు.

హోంపేజీ ఎవరిది?

సైటు నలుగురికీ తెలిశాక కాలేజీ ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. మెచ్చుకున్నారు, టీ ఇచ్చారు. తర్వాత ఒక చిన్న కోరిక. పైన పెద్ద బ్యానర్ పెట్టాలి, అందులో కంపెనీల లోగోలు, నూరు శాతం ప్లేస్‌మెంట్స్ అని బంగారు రంగు అక్షరాలు, అడ్మిషన్ల నంబరు తిరుగుతూ ఉండాలి.

మా వాళ్లు భయపడ్డారు. కాదంటే సైటు మూసేయమంటారేమో. ఒప్పుకుంటే ఫోన్లో తెరిచినప్పుడు మొదటి స్క్రీనంతా బ్యానరే, ఉద్యోగాలు కనపడాలంటే కిందికి తోయాలి. పైగా ఆ అంకె వాళ్లే నమ్మరు. దీనికి దారి చూపింది మెకానికల్ అబ్బాయి. అతను వాదన పెట్టుకోలేదు. ప్లేస్‌మెంట్ సార్ దగ్గరికెళ్లి, "సార్, ఇదివరకు లాస్ట్ డేట్ ఎప్పుడని మీకు రోజుకి ఎన్ని ఫోన్లొచ్చేవి, ఇప్పుడెన్ని?" అని అడిగాడట. సార్ నవ్వేసి, పైవాళ్లతో ఆయనే మాట్లాడారు. అడ్మిషన్ల బ్యానర్ కాలేజీ సొంత వెబ్‌సైట్‌లోనే ఉండిపోయింది. ఇక్కడ పైన కాలేజీ పేరు, దాని కింద నేరుగా ఉద్యోగాలు.

అదే అబ్బాయి ఇంకో పని కూడా చేశాడు. మొదట్లో మెకానికల్ అని ఫిల్టర్ పెడితే చాలాసార్లు తెల్ల పేజీ వచ్చేది. "మా క్లాసువాళ్లు ఒకసారి చూసి మళ్లీ రావట్లేదు. మనకేం లేవులే అనుకుంటున్నారు" అన్నాడు. ఆ ఖాళీ పేజీ చోట అతను మూడు విషయాలు పెట్టాడు: అన్ని బ్రాంచిలూ అప్లై చేయగల ఉద్యోగాలు, అప్రెంటిస్‌షిప్‌లు, కిందటేడాది మెకానికల్ వాళ్లని తీసుకున్న కంపెనీల కెరీర్ పేజీల లింకులు. కోడ్ లెక్కలో అరపూట పని. ఆ క్లాసు నుంచి ఇద్దరు అప్రెంటిస్‌షిప్‌కి వెళ్లింది ఆ పేజీ చూసే.

మనం పాసైపోయాక?

స్టూడెంట్ ప్రాజెక్టులు ఎక్కువ శాతం చచ్చిపోయేది వేసవి సెలవుల్లో. కట్టినవాళ్లు పాసై వెళ్లిపోతారు. సర్వర్ పాస్‌వర్డ్ ఒకడి ఫోన్లో ఉంటుంది, డొమైన్ డబ్బులు ఇంకొకడి డెబిట్ కార్డు మీద ఉంటాయి. ఏడాది తిరిగేసరికి రెన్యువల్ మెయిల్ ఎవరూ చూడని ఇన్‌బాక్స్‌కి వస్తుంది. డొమైన్ గడువు తీరుతుంది. అంతటితో ఆగదు. గడువు తీరిన పేరుని ఎవరైనా కొనుక్కోవచ్చు. రేపు అదే పేరుతో ఎవడో దొంగ ఉద్యోగాలు పెడితే, పాత లింకులు సేవ్ చేసుకున్న పిల్లలు వెళ్లి పడతారు. ఇన్నాళ్లు కూడబెట్టిన నమ్మకమంతా వాడి చేతికి పోతుంది.

అందుకని వాళ్లు సొంత డొమైన్ కొనలేదు. కాలేజీకి ఎలాగూ ఏసీ డాట్ ఇన్ అడ్రసు ఉంది. విద్యా సంస్థలకి మాత్రమే ఇచ్చే ఈ పేర్లని ఎర్నెట్ ఇండియా చూసుకుంటుంది, బయటివాళ్లు కొనలేరు. దాని కిందే 'జాబ్స్' అని ఒక సబ్‌డొమైన్ తీసుకున్నారు. కోడ్ ఎవరి సొంత ఖాతాలోనూ ఉంచలేదు. టీమ్ పేరు మీద ఒక గిట్ ఖాతా తెరిచి, కాలేజీ మెయిల్‌తో కట్టి, ప్లేస్‌మెంట్ సార్‌ని కూడా అందులో చేర్చారు. కొత్తవాడు వచ్చి ఒక్క పూటలో సైటు తన లాప్‌టాప్‌లో నడిపించుకునేలా రీడ్‌మీ రాశారు. అది నిజంగా పనిచేస్తుందా అని సెకండియర్ పిల్లాడిని కూర్చోబెట్టి, వీళ్లు నోరు మెదపకుండా చూశారు. వాడు మూడు చోట్ల ఆగాడు. ఆ మూడూ తిరగరాశారు.

ఇప్పుడు ఆ నలుగురూ బయటికొచ్చేశారు. ముగ్గురికి ఉద్యోగాలు వచ్చాయి, మెకానికల్ అబ్బాయి గేట్‌కి చదువుతున్నాడు. సైటుని థర్డియర్, సెకండియర్ కలిసిన ఆరుగురు నడుపుతున్నారు. వంతులవారీగా రోజుకి అరగంట, రోజుకి ఇద్దరు. ఎవరి వంతు రోజు వాళ్లు ఎగ్గొడితే మర్నాడు విద్యార్థులే అడుగుతున్నారు. ఒక సైటు బతికి ఉందనడానికి ఇంతకంటే గుర్తు ఏం కావాలి?

మీరు మొదలుపెట్టాలంటే...

మీ కాలేజీలో ఇది చేయాలనిపిస్తే ఏ ఫ్రేమ్‌వర్క్ వాడాలన్న చర్చతో మొదలుపెట్టకండి. మీకు వచ్చిన భాష ఏదైనా సరిపోతుంది. ఒక స్ప్రెడ్‌షీట్, దాన్ని చూపించే ఒక పేజీ ఉన్నా మొదటి నెల గడిచిపోతుంది. టీమ్‌లో కనీసం ఒకరు సీఎస్ఈ కాని వాళ్లు ఉండేలా చూసుకోండి, ఒక అమ్మాయి తప్పనిసరిగా ఉండాలి. నోటీసు ఎవరికి లేటుగా అందుతుందో వాళ్లకే బాగా తెలుసు. ఒక సెకండియర్‌ని మొదటి రోజు నుంచే కూర్చోబెట్టుకోండి.

కోడ్ రాయడం రాదనుకునేవాళ్లు కూడా ఒక పని చేయొచ్చు. ఈ వారం మీ క్లాసు గ్రూపులో వచ్చే మొదటి ఉద్యోగ నోటీసు పట్టుకోండి. కంపెనీ సైటుకెళ్లి అది నిజమేనా చూడండి, చివరి తేదీ వెతకండి. అసలు లింకుతో సహా నాలుగు లైన్లు టైప్ చేసి పక్క బ్రాంచి గ్రూపులో పెట్టండి. మా వాళ్ల సైటు చేసే పని మొత్తం అంతే. వాళ్లు దాన్ని రోజూ చేస్తున్నారు, వాళ్ల తర్వాతి బ్యాచ్ కూడా చేసేలా చూసుకున్నారు.